కాదనడం రాని ఫోను

గద్వాల,
ఆగస్టు 11

కావ్యా,

ఉత్తరం చూసి నవ్వుకుంటున్నావని తెలుసు. వీడియో కాల్ ఉండగా ఈ రోజుల్లో పోస్టు డబ్బా ఏమిటని నీ హాస్టల్ స్నేహితురాళ్లు అడిగితే ఉన్నమాట చెప్పు. మా పెదనాన్న కూతురికి చెవులు వినపడవు, చేతులతో మాట్లాడుతుంది, మా ఇంట్లో అందరికీ ఆ చేతుల మాట వచ్చు అని. నేను ఫోను ముందు కూర్చుని నీకు ఒక్క రహస్యం చెప్పబోతే చాలు, వెనక మగ్గం గుంటలో ఉన్న నాన్న, వంటింటి గుమ్మంలో అమ్మ, పక్క మగ్గం మీద మీ నాన్న, ముగ్గురూ చదివేస్తారు. మీకు గుసగుసలున్నాయి. నాకు గుసగుస అంటే కాగితమే. పోనీ వాట్సాప్‌లో రాద్దామంటే నువ్వు ఒక బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు.

ఇక విషయం. నువ్వు రాలేకపోయిన మన చుట్టాల వనజ పెళ్లిలో బ్యాండువాళ్లు చెవులు చిల్లులు పడేలా వాయించారట కదా. ఆ మోతలో అందరూ నాలాగే అయ్యారు. చేతులు ఊపుకుంటూ మాట్లాడుకుంటున్నారు. బిజినేపల్లి నుంచి వచ్చిన ఒకతను నాకు ఇంకో లడ్డూ కావాలా అని చేత్తో అడిగాడు. నేను చేత్తోనే వద్దని చెప్పి, నీకే పొట్ట పెరిగింది, నువ్వూ తగ్గించు అన్నాను. బాగా నవ్వాడు. బ్యాండు ఆగాక కూడా నేను చేతులతోనే మాట్లాడుతుంటే అప్పుడు తెలిసిందట నాకు వినపడదని. తెలిసిన తర్వాత కూడా లేచి వెళ్లలేదు. అక్కడే కూర్చున్నాడు కావ్యా.

పేరు నిరంజన్. మన కులంవాళ్లే, వాళ్ల తాత కాలంలో మగ్గం వదిలి వ్యవసాయంలోకి దిగారు. ఇతను నాగర్‌కర్నూల్‌లో బోరు మోటార్లు రిపేరు చేసే షాపు పెట్టుకున్నాడు. నా దగ్గర సైగలు నేర్చుకుంటున్నాడు. అతని చేతులు చూస్తే పత్తి ఏరుతున్నట్లుంటుంది, అయినా నాకు అర్థమవుతోంది.

అడ్డంకి ఒక్కటే, వాళ్లమ్మ రాధమ్మ. నాలుగేళ్ల కింద నీటికాసుల జబ్బుతో ఆమె చూపు పోయింది. కొడుకు నా సంగతి చెబితే ఆమె అన్న మాటలు నిరంజన్ ఉన్నవి ఉన్నట్లు నాకు రాసి పంపాడు. “పిల్ల మంచిదే కావొచ్చు బిడ్డా. నేను చూడలేను, ఆమె వినలేదు. నువ్వు పొద్దుగాల నాగర్‌కర్నూల్ పోతే చీకటి పడ్డంక వస్తవు. పగలంత మేమిద్దరం ఇంట్ల రెండు గోడల లెక్క కూసోవాల్నా?”

నాకు కోపం రాలేదు. ఆమె అడిగింది నిజమే. ఆమె మాట నాకు చేరే దారి ఉంది, ఫోనులో మాట్లాడితే అక్షరాలు వస్తాయి, చదువుకుంటాను. నా మాట ఆమెకు చేరే దారే లేదు. టైపు చేసి ఫోనుతో చదివించవచ్చు కదా అంటావు. అదీ చూశాం. నేను ఒత్తులూ గుడులూ వెతుక్కుని ఒక్క వాక్యం కొట్టేలోపు ఆమె, పిల్ల లేచి పోయినట్లున్నదని ఫోను పెట్టేసింది. నా చేతులు మీ నోళ్లకంటే వేగం, నా టైపింగు మాత్రం ఎద్దుబండి.

నువ్వు చివరి ఏడు ప్రాజెక్టుకు విషయం దొరకలేదని పరేషాన్ అవుతున్నావట. కెమెరా చేతి సైగలను గుర్తుపట్టి పైకి మాటగా చెప్పేలా చెయ్యగలవా? ఆ పెళ్లి నాకు కావాలి. ఆమె మనసు విరిచి మాత్రం వద్దు.

నీ అక్క,
స్వరూప

*

వనపర్తి,
ఆగస్టు 24

అక్కా,

పొట్ట పెరిగిందని మొదటి మాటలోనే అన్నావా? అయినా వెంటపడ్డాడంటే అతను ఖాయంగా మన ఇంటికి అల్లుడే. మోటార్లకు తీగ చుట్టేవాడికి మగ్గానికి దారం చుట్టేవాళ్ల పిల్ల, సరిపోయింది.

గోవిందు సార్‌ను అడిగాను. మా ప్రాజెక్టుల పెద్ద ఆయనే. విషయం విని కుర్చీ ముందుకు జరుపుకున్నారు. పద్ధతి ఇలా ఉంటుంది. కెమెరా తీసిన ప్రతి బొమ్మలో చర్మం రంగు ఎక్కడుందో ఫోను వెతుకుతుంది. దొరికిన ముక్కను చెయ్యి అనుకుంటుంది. దాని ఆకారం చూసి, ముందే మనం నేర్పిన సైగల్లో ఇది ఏదో తేల్చి పైకి చెబుతుంది. ఒక్కో సైగనూ నువ్వు చాలాసార్లు చేసి వీడియో తియ్యాలి. నిలబడి, కూర్చుని, ఎండలో, దీపం వెలుగులో.

మొదట ఏ మాటలు నేర్పాలో మా క్లాసులో మాలతిని అడిగాను. తనకు పోయిన ఏడే పెళ్లయింది. కొత్త కోడలికి కావలసినవి నాలుగైదు మాటలేనట. నమస్కారం అత్తమ్మా. సరే అత్తమ్మా. అన్నం తిను. మందు వేసుకో. చాలా బాగుంది. వీటితో తన కాపురం ఏడాదిగా సాఫీగా నడుస్తోందని హామీ ఇచ్చింది. అవే ఎక్కిస్తున్నాను.

నీ కావ్య

*

గద్వాల,
సెప్టెంబరు 20

కావ్యా,

రహస్యం బట్టబయలైంది. గోడకు ఫోను ఆనించి ‘అత్తమ్మా, అత్తమ్మా’ అని చేతులు తిప్పుతుంటే ఎవరికి తెలియదు? అమ్మ వచ్చి ఎదురుగా నిలబడి, ఏ అత్తమ్మ అని అడిగింది. చెప్పేశాను. నాన్న రెండు రోజులు తలెత్తకుండా నేశాడు. మూడో రోజు, ఆ పిల్లవాడు ఏమి తింటాడు అని అడిగాడు. అంటే ఒప్పుకున్నట్లే.

ఇక నువ్వు పంపిన యాప్ సంగతి. మొన్న పట్టుకు రంగు వేసే పని ఉండింది. కుడి చెయ్యి మణికట్టు దాకా ఎరుపు, ఎడమ చేతి వేళ్లు ఆకుపచ్చ. అలాగే వచ్చి ఫోను ముందు కూర్చున్నాను. ఎన్ని సైగలు చేసినా దానికి ఉలుకూ పలుకూ లేదు. నా చేతులు దాని లెక్కలో చేతులే కావు. కానీ నా వెనక మగ్గంలో నాన్న బట్టతల దానికి దొరికింది! పోగు తెగినప్పుడల్లా ఆయన వంగి లేస్తాడు కదా. నువ్వు ‘సరే’కు పిడికిలి ఊపమన్నావు. ఆయన తల ఊగినప్పుడల్లా ఫోను ‘సరే అత్తమ్మా, సరే అత్తమ్మా’ అని తెరమీద చూపిస్తూ పైకి అరుస్తోందట. మీ నాన్న మగ్గం ఆపి పొట్ట పట్టుకున్నాడు. అమ్మ పెదాల మీద చదివింది రాస్తున్నాను. “పెండ్లయినసంది మా అమ్మకు ఒక్కపారి సరే అన్లేదు మీ నాయన. ఇయ్యాల ఫోను అనిపిచ్చింది. సాకు, నాకు గీ జన్మకు సాకు.” రాయచూరు ఆడపడుచు కదా, సంతోషం పట్టలేనప్పుడు ‘చాలు’ కాస్తా కన్నడంలో ‘సాకు’ అయిపోతుంది.

నవ్వులు అయ్యాక నాకు భయం వేసింది. నేను నేతపని వదలను. రంగు చేతులతోనే ఉంటాను. పెళ్లిలో పసుపు, గోరింటాకు. ఇంక నీ ఫోనుకు నా చేతులు కనబడేదెప్పుడు?

స్వరూప

*

వనపర్తి,
నవంబరు 3

అక్కా,

పెదనాన్న బట్టతల వీడియో గోవిందు సార్‌కు చూపించాను. ఆయన నవ్వి, కళ్లు తుడుచుకుని, చర్మం రంగును నమ్ముకున్నందుకు నన్ను బాగా చీవాట్లు పెట్టారు. నేత ఇంట్లో పుట్టి చేతులకు రంగంటుతుందని నాకే గుర్తుకు రాలేదు.

మొత్తం మార్చేశాను. ఇప్పుడు ఫోను రంగు చూడదు. వేళ్ల కీళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, ముగ్గుకు చుక్కలు పెట్టినట్లు ఒక్కో కీలు మీద ఒక్కో చుక్క పెట్టుకుంటుంది. చుక్కల వరస చూసి సైగ తేలుస్తుంది. చేతికి ఎరుపు పూసినా, పసుపు పూసినా, బొగ్గు పూసినా కీళ్లు ఎక్కడికీ పోవు కదా. మా మెస్‌లో రోజా అక్క పిండి చేతులతో ప్రయత్నించింది. ఫోను ఠక్కున చెప్పేసింది.

ఇంకో గొప్ప సంగతి. ఇది తడుముకోదు. నువ్వు ఏ సైగ చేసినా తనకు తెలిసినవాటిలో దానికి దగ్గరగా ఉన్న మాట ఏదో వెతికి వెంటనే చెప్పేస్తుంది. ఒక్కసారి కూడా ఊరుకోదు. సార్ నాకు మంచి మార్కులు ఖాయం అన్నారు.

రాధమ్మగారు మిమ్మల్నే బిజినేపల్లికి రమ్మన్నారని విన్నాను. పిల్లే పిల్లవాడి ఇంటికి చూపులకు వెళ్లడమేమిటని మా అమ్మ గొణుగుతోంది. గొణగనీ. నాకు పరీక్షలున్నాయి, రాలేను. మీ బస్సు వనపర్తి మీదుగా వెళ్తుంది కదా, బస్టాండులో నిలబడి చెయ్యి ఊపుతాను.

కావ్య

*

గద్వాల,
డిసెంబరు 9

కావ్యా,

పని కాలేదు.

రాధమ్మ బాగానే చూసుకుంది. ఆమెకు చూపు లేకపోయినా వంట తనే చేస్తుంది. జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు పెట్టింది. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆమె నిరంజన్ ఫోను దగ్గరికి వంగి, పప్పు ఎట్లున్నది బిడ్డా అని అడిగింది. అక్షరాలు వచ్చాయి, చదివాను. పప్పులో ఉప్పు ఎంత ఉందంటే నాలుక మండుతోంది. నేను ఉన్నమాటే చెప్పాను, ఉప్పు చాలా ఎక్కువైంది అని. నా ఫోను తెరమీద ఏం వచ్చిందో తెలుసా? ‘చాలా బాగుంది అత్తమ్మా.’ నేను గాభరాపడి చేతులు ఇంకా పెద్దగా తిప్పి మళ్లీ చెప్పాను. మళ్లీ ‘చాలా బాగుంది అత్తమ్మా.’

ఆమె కంచం పక్కకు జరిపింది. ఆ తర్వాత అన్నదంతా ఫోనులో అక్షరాలుగా చదివాను. ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

“గుప్పెడు ఉప్పు కావాల్నని ఏసిన. నాకు కండ్లు పోయినసంది ఇంటికొచ్చినోళ్లందరు మంచిగున్నదనే అంటరు. చీర తిరగేసి కట్టుకున్నా మంచిగున్నదంటరు. గుడ్డిదాని మనసు నొప్పియ్యొద్దని. ఇంట్ల ఒక్కరన్న నిజం చెప్పేటోళ్లు ఉండాలె గద. ఈ ఫోను గూడ గట్లనే చెప్పవట్టె.”

నిరంజన్ అడ్డం వచ్చాడు. అమ్మా, ఆమె ఉప్పు ఎక్కువైందనే చెప్పింది, ఫోను తప్పు చెప్పింది అన్నాడు. పాపం, అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. ఆమె ఒక్కటే అడిగింది. “నువ్వు నడుమ చెప్తే నేను నమ్మాలె. మోటార్ల షాపు బంద్ చేసి దినాం మా నడుమ కూసుంటవా?” వచ్చేటప్పుడు నా తల నిమిరింది. నీ మీద కోపం లేదు బిడ్డా, నువ్వేమన్నవో నాకు తెల్వనే తెల్వదు అంది.

బస్సులో నాన్న నా చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. ఏడ్చాను. నీ మీద కాదు. నా జీవితంలో నా చేతులు మొదటిసారి అబద్ధమాడాయి, అందుకు.

స్వరూప

*

వనపర్తి,
డిసెంబరు 14

అక్కా,

నీ ఉత్తరం చదివి హాస్టల్ మెట్ల మీదే కూర్చుండిపోయాను. రోజా అక్క టీ తెచ్చి ఇచ్చి లేపింది.

దాని తప్పు కాదు, నాది. దానికి నేర్పినవన్నీ తలాడించే మాటలే. ‘కాదు’ అని ఒక్కటి కూడా నేర్పలేదు. పైగా తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పి తీరాలని నేర్పాను. నువ్వు ఉప్పు అన్నావు, అది తనకున్న నాలుగైదు ముక్కల్లో దగ్గరగా తోచినది పలికింది. గద్వాలలోకెల్లా నోరున్న పిల్లను తీసుకుని నోట్లో నాలుక లేనిదాన్ని చేశాను.

రాధమ్మగారు అన్నదానిలో ‘ఇంట్ల ఒక్కరన్న నిజం చెప్పేటోళ్లు ఉండాలె’ అన్న ఒక్క మాట గోవిందు సార్‌కు చదివి వినిపించాను. ఆయన, ఆమె మన ఎగ్జామినర్‌కంటే గట్టిది, ఆమెను పాస్ చేయించు అన్నారు.

వచ్చే శనివారం ఇంటికి వస్తున్నాను. రెండు పనులున్నాయి. ఒకటి, గుర్తు తెలియని సైగ వస్తే ఫోను నోటికొచ్చింది వాగకుండా, తెల్వలేదు, మల్ల చెప్పు అనడం నేర్పాలి. రెండు, మన ఇంట్లో ఎన్ని రకాల గొడవలుంటాయో అన్నీ ఎక్కించాలి. కాదు, వద్దు, తప్పు, ఎందుకు, నీ ఇష్టం నాకేం, ఎన్నిసార్లు చెప్పాలి. ఇంట్లో అందరినీ పోట్లాటకు సిద్ధంగా ఉండమను.

గొంతు కూడా మారుస్తాను. ఇప్పుడున్నది ఫోనులో వచ్చే గొంతు, బస్టాండులో బస్సుల పేర్లు చదివే ఆమెలా ఉంటుంది. నీకు ఎవరి గొంతు కావాలో చెప్పు. నువ్వు ఎన్నడూ వినలేదు కాబట్టి ఎంపిక కష్టమే, కానీ నీ గొంతు నువ్వే ఎంచుకోవాలి.

కావ్య

*

గద్వాల,
మార్చి 2

కావ్యా,

నువ్వు వచ్చి వెళ్లినప్పటి నుంచి మన ఇల్లు ఇల్లులా లేదు. నువ్వు వీడియో తియ్యడం కోసం మొదలుపెట్టించిన పోట్లాటలు ఆగడం లేదు. అమ్మ, నాన్న ఎప్పుడో మరిచిపోయిన గొడవలన్నీ తవ్వి తీశారు. కెమెరా లేకపోయినా నడుస్తున్నాయి. ఇద్దరూ మహా ఉత్సాహంగా ఉన్నారు.

గొంతు సంగతి నేను ఆలోచించనే లేదు. నువ్వు వచ్చినప్పుడు నీ గొంతే ఎక్కించమన్నాను, నాకు ఎప్పుడూ నీ గొంతే. చిన్నప్పుడు బజారులో నా చేతులు చూసి అందరికీ నా మాట చెప్పింది నువ్వే కదా.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న ఆదివారం నిరంజన్ వాళ్లమ్మను గద్వాలకు తీసుకొచ్చాడు. చుట్టాలింటికని చెప్పి బండెక్కించి, మన గుమ్మం ముందు దింపాడు. ఆమెకు లోపలికి రాగానే తెలిసిపోయిందట. మగ్గాల చప్పుడుంది, గిదెక్కడి చుట్టాలిల్లు అని కొడుకు వీపు మీద ఒకటిచ్చింది. కానీ వెళ్లిపోలేదు.

నాన్న చీరలు పరిచాడు. ఆమె ఒక్కొక్క చీర అంచు వేళ్లతో తడిమి చూసింది. చెయ్యి చూస్తేనే తెలుస్తుంది, నేతగాళ్ల రక్తం. ఒక దానిమీద చెయ్యి ఆపి, ఇదేం రంగు అని అడిగింది. చిలకపచ్చ అని చెప్పాను. చూపు ఉన్నప్పుడు తనకు చిలకపచ్చ చీర ఉండేదనీ, ఊరంతా మెచ్చుకునేదనీ చెప్పి, ఇదే తీసుకుంటానంది. నాకెట్లుంటది అని నన్ను అడిగింది.

అందరూ నా చేతుల వైపే చూస్తున్నారు. అమ్మ కళ్లతోనే బతిమాలుతోంది, బాగుందని చెప్పమని. మొదటిసారి తొందరలో చేసిన సైగ సరిగ్గా రాలేదు. ఫోను ‘తెల్వలేదు, మల్ల చెప్పు’ అంది. రాధమ్మ తల ఎత్తి, ఇది తెల్వదని గూడ అంటదా అంది.

నేను నెమ్మదిగా మళ్లీ చెప్పాను. నీ గొంతు పలికింది. “వద్దత్తమ్మా. గీ రంగు నీకు ఇప్పుడు నప్పది. తల తెల్లగైంది.”

నాన్న కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె జుట్టు తడుముకుని, తల ఎంత తెల్లగైంది అని అడిగింది. మొత్తం అన్నాను. ఎవరూ చెప్పలేదు నాకు అంది. మరి నాకేం బాగుంటుంది అంది. మామిడిపండు రంగుకు ఎర్రంచు అన్నాను. అది ముసలోళ్ల రంగు కాదా అంది. కాదు, నువ్వు అనుకునేదంతా నిజం కాదు అన్నాను. వాదించింది. నేనూ వాదించాను. పొయ్యి మీద పెట్టిన పాలు పొంగిపోయినా ఎవరూ లేవలేదు. చివరికి ఆమె నా చేతులు అందుకుని, వేళ్లన్నీ ఒక్కొక్కటే తడిమి చూసింది. కొడుకు వైపు తిరిగి అన్నది నిరంజన్ తర్వాత నాకు రాసి చూపించాడు.

“ఈమె నాకు కావాలె. నీకు ఇష్టం ఉన్నా లేకున్నా.”

కావ్యా, నేను ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను. మే నెలలో ముహూర్తం. మామిడిపండు చీర కొనలేదు. అంచు పల్చగా ఉందట. నన్నే ఇంకొకటి నేయమంది.

స్వరూప

*

వనపర్తి,
ఏప్రిల్ 21

అక్కా,

ఇవాళ నా ప్రాజెక్టు పరీక్ష అయింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మాటలన్నీ చూసి, చేతి సైగల ప్రాజెక్టులు చాలా చూశాను, ఇన్ని తిట్లున్నది ఎక్కడా చూడలేదు అన్నారు. గోవిందు సార్ ఎంతో గంభీరంగా, కుటుంబ అవసరాల కోసమండీ అని చెప్పారు. ఆ పెద్దమనిషి తనకు తెలిసిన సైగ ఒకటి చేసి పరీక్షించారు. ఫోను తెల్వలేదంది. మళ్లీ చేశారు. మళ్లీ తెల్వలేదంది. అబద్ధం చెప్పడం లేదే అని ఆశ్చర్యపోయి, పక్కనున్నాయనకు చూపించారు. నేను పాస్. బాగానే పాస్.

ఈసారి పెళ్లికి వస్తున్నా. పసుపు చేతులతో పీటల మీద కూర్చుని నువ్వు మాట్లాడితే నా గొంతు మైకులో వినపడాలి. బ్యాండు మాత్రం పెట్టించొద్దు.

కావ్య

*

బిజినేపల్లి,
జులై 6

కావ్యా,

పెళ్లయి రెండు నెలలవుతోంది, ఒక్క ఉత్తరమూ లేదని కోప్పడకు. తీరికెక్కడిది? అత్తమ్మతో మాట్లాడడానికే పొద్దు చాలడం లేదు.

హాల్లో మగ్గం వేయించుకున్నాను. ఆమె పక్కనే కూర్చుని రాట్నం మీద దారం కండెలు చుడుతుంది. ఫోను మా ఇద్దరి మధ్యా కిటికీలో ఉంటుంది. ఊళ్లో సంగతులన్నీ నాకు ఆమె చెబుతుంది, ఆమెకు కనపడనివన్నీ నేను చెబుతాను. టీవీ ఎంత పెద్దగా పెట్టినా నాకు ఇబ్బంది లేదు కాబట్టి ఆ గొడవ మాకు లేదు. మిగతావన్నీ ఉన్నాయి. నిన్న మిరపకాయలు ఆరబెడతానని ఒక్కతే నిచ్చెన ఎక్కబోయింది. వద్దన్నాను. వాదన పొద్దుగూకే దాకా సాగింది. నిరంజన్ షాపు నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడవకుండానే విని, నవ్వుకుంటూ మళ్లీ బయటికి వెళ్లిపోయాడు.

ఆమె ఒక కిటుకు కనిపెట్టింది. వాదనలో ఓడిపోతున్నానని తెలియగానే నా చేతుల్లో ఏదో ఒకటి పెట్టేస్తుంది. నీళ్ల బిందెనో, చాటనో. చేతులు నిండితే నాకు మాట ఎక్కడిది? ఆ సందులో తన నాలుగు ముక్కలూ చెప్పేసి దర్జాగా కూర్చుంటుంది. మీ అందరి నోళ్లకూ లేని బాధ ఇది.

ఇప్పుడు నీకు రెండు మాటలు చెప్తానంటోంది. ఆమె చెప్పేది ఫోనులో చూసి నేనే రాస్తున్నాను. నన్ను తిట్టే మాటలు కూడా నా చేత్తోనే రాయించుకునే మనిషి.

“బిడ్డా కావ్యా, మంచిగున్నవా? నీ అక్క మంచిగున్నది, నేనే పరేషాన్ల ఉన్న. పొద్దంత నీ గొంతుతోని నాతో కొట్లాడుతున్నది. ఊళ్లె అందరు రాధమ్మ ఇంట్ల మనుషులు నిండిండ్రా అని అడుగుతున్రు. బిందె చేతికిస్తే కింద పెట్టి మల్ల మొదలువెడ్తది. నువ్వు జర ఆ ఫోనుకు ఒక్క మాట నేర్పాలె. ‘నువ్వే గెల్సినవ్ అత్తమ్మా’ అని. గా మాట దానికి రాదంటున్నది నా కోడలు. రాదో, ఈ పిల్లనే రానిస్తలేదో నాకు తెల్వదు.”